కూమ్ బిగించిన పుల్లీ

స్రెతెన్ తన సొంత సమ్మెట భుజాన వేసుకుని మరీ వచ్చాడు.

ట్రాక్టరుకి పుల్లీ బిగించడానికి సమ్మెటతో వచ్చినవాణ్ణి బుద్ధున్నవాడెవడైనా గేటు దగ్గరే ఆపి, ఒక కాఫీ పోసి, దణ్ణం పెట్టి ఇంటికి పంపేస్తాడు. వితోమిర్‌కి బుద్ధి లేక కాదు. వచ్చినవాడు కూమ్. వితోమిర్ పెళ్ళినాడు పక్కన సాక్షిగా నిలబడినవాడు, అతని కూతుర్ని బాప్తిస్మపు నీళ్ళలోంచి చేతుల్లోకి అందుకున్నవాడు. స్రెతెన్ తండ్రి వితోమిర్ తండ్రికి కూమ్, స్రెతెన్ తాత వితోమిర్ తాతకి కూమ్. రక్తసంబంధం వీసమెత్తు లేదు, అయినా రక్తం కన్నా చిక్కన. మా కొండల్లో అన్నతో తన్నుకోవచ్చు, తండ్రిని కోర్టుకీడ్చవచ్చు, కూమ్‌ని మాత్రం పల్లెత్తు మాట అనకూడదు. పైన దేవుడు, కింద కూమ్ అంటారు. ఇద్దరూ ఒకరినొకరు కూమే అనే పిలుచుకుంటారు, ఇంటి ఆడవాళ్ళని మర్యాదకి కూమా అంటారు. వితోమిర్ నాయనమ్మ చెప్పేది, పక్క లోయలో ఒకడు తాగిన మైకంలో కూమ్‌ని గాడిద అన్నాడట. ఏడేళ్ళు వరసగా వాడి చేను మీదే వడగళ్ళు పడ్డాయట, గట్టు అవతల చుక్క రాలకుండా. నమ్మితే నమ్మండి, లేకపోతే మానండి, ఆ చేను ఇప్పటికీ బీడే.

అందుకని వితోమిర్ కుర్చీలోంచి లేవలేక లేచాడు. ఆ చెంపా ఈ చెంపా మూడు ముద్దులు పెట్టి, "రా కూమే, రా. నువ్వొస్తే మాకు పండగ" అన్నాడు. సమ్మెట వంక చూడకుండా ఉండటానికి చాలా అవస్థ పడ్డాడు.

అసలు సంగతి ఇది. ఆగస్టులో వితోమిర్ గడ్డి అటక మీదనుంచి జారి వెల్లకిలా పడ్డాడు. వెన్నెముకలో రెండు పూసలు నలిగిపోయాయి. ఆసుపత్రిలో ఉక్కు మేకులేసి అతికించి పంపేటప్పుడు డాక్టరమ్మ, "రొట్టె కన్నా బరువైంది ఏదీ ఎత్తకు" అంది. "మా రొసాంద చేసే రొట్టె రెండు కిలోలుంటుందమ్మా" అన్నాడు వితోమిర్. ఆవిడ నవ్వలేదు. ఆ రోజునుంచి ఏడు ఆవుల చాకిరీ అతని భార్య రొసాంద నెత్తిన పడింది. యాభై ఆరేళ్ళ మనిషి. పాలు పితకడం, పేడ ఎత్తడం, జున్ను తోడుపెట్టడం ఆమెకి ముప్ఫై ఏళ్ళ అలవాటు, వాటికి జంకే రకం కాదు. జంకు ఎండుగడ్డి చుట్టల దగ్గరే. ఒక్కోటి పావు టన్ను. పచ్చిక బయల్లో అలాంటివి నూట పది పడున్నాయి, మంచు పడేలోగా కొట్టం పక్కకి చేరాలి. రొసాంద గడకర్ర పెట్టి దొర్లించి చూసింది. మూడో చుట్టకి పొత్తికడుపులో ఏదో తెగినట్టయి అక్కడే కూలబడింది.

ఆ మధ్యాహ్నం సూపు గిన్నె ముందు కూర్చుని తేల్చి చెప్పేసింది. "మిత్రోవ్‌దాన్ నాటికి నీ లోడరు పనిచేసిందా, ఆవులుంటాయి. లేదంటే పశువుల బేరగాడికి కబురు పెడతా. జనవరిలో అవి ఆకలికి అరుస్తుంటే నేను వినలేను."

నవంబరు మొదట్లో వచ్చే మిత్రోవ్‌దాన్‌ పండగతో మాకు ఏడాది ముగిసినట్టే. మందలు కొండ దిగుతాయి, పాలేర్లు ఇళ్ళకి పోతారు, ఆ పైన ఇక మంచుదే రాజ్యం. ఆ ఏడు ఆవుల్లో అయిదు వితోమిర్ చేతుల్లో పుట్టినవి.

లోడరు అప్పటికే షెడ్డులో ఉంది. పోయిన చలికాలం, నడుం బాగున్న రోజుల్లో, వితోమిర్ తనే వెల్డింగు చేసి తయారు చేసుకున్నాడు. ఎత్తే చేతులు, గడ్డి చుట్టలో గుచ్చే కొమ్ములు, నూనె సిలిండర్లు, అన్నీ కుదిరాయి. ఆ సిలిండర్లలోకి నూనె తోయడానికి ట్రాక్టరులో ఉన్న పంపే చాలదు. అది నాగలి ఎత్తడానికే ముసలి గుర్రంలా మూలుగుతుంది. అందుకని గోడౌన్లో సరుకులెత్తే ఒక పాత బండి పంపు సంపాదించాడు. దాన్ని రేడియేటరుకి ముందు బిగించి, ఇంజను క్రాంకు షాఫ్టు కొసతోనే తిప్పించాలి. అలా తిప్పాలంటే క్రాంకు మీది పాత పుల్లీ ఊడదీసి, పంపు ఇరుసు తగిలించుకునే చెవులున్న కొత్త పుల్లీ ఎక్కించాలి. నోవా వారోష్‌లో లేత్ పనివాడు ఒకడు దాన్ని ఉక్కు దిమ్మెలోంచి చెక్కి పంపాడు. అద్దంలా మెరుస్తోంది. వితోమిర్ రెండు రోజులు దాన్ని ఒళ్ళో పెట్టుకుని పసిపిల్లని చూసుకున్నట్టు చూసుకున్నాడు.

దాని బెజ్జం వెంట్రుకవాసి బిగువుగా కోశాడు లేత్ వాడు. కోయాల్సిందీ అలాగే. చల్లగా ఉన్నప్పుడు అది క్రాంకు మీదికి ఎక్కదు. రొట్టెలు కాల్చే పొయ్యి అరలో పెట్టి బాగా కాల్చి, పట్టుకారుతో తెచ్చి తొడిగితే వేలికి ఉంగరంలా జారిపోతుంది, చల్లారాక తనే పట్టేసుకుంటుంది. సమ్మెటతో కొట్టావో, ఆ దెబ్బ పుల్లీ మీద ఆగదు. క్రాంకు ముందుకీ వెనక్కీ జరక్కుండా ఇంజను కడుపులో నాలుగు పల్చటి వాషర్లు కాపలా ఉంటాయి, చంద్రవంక ముక్కల్లాంటివి. దెబ్బ తిన్నగా పోయి వాటికి తగులుతుంది. అవి పగిలితే క్రాంకుకి అడ్డూ ఆపూ ఉండదు, ఇంజను తన్ను తానే కొరుక్కు తింటుంది.

ఇవన్నీ తెలిసిన మెకానిక్ ఇస్మెత్. సెనిత్సనుంచి గురువారం వస్తానన్నాడు కూడా. ఇంతలో ఆదివారం చర్చి మెట్ల దగ్గర రొసాంద ఆ మాట స్రెతెన్ భార్యతో అనేసింది. సోమవారం పొద్దున్నకల్లా స్రెతెన్ గేటు తీసుకుని వచ్చేశాడు.

"ఇస్మెత్‌కి నేనే ఫోన్ చేసి చెప్పేశాలే, రానక్కర్లేదని" అన్నాడు కాఫీ చప్పరిస్తూ. "కూమ్ బతికుండగా మెకానిక్కా? నేను పోయాక పిలుచుకో, ఎంతమందిని కావాలంటే అంతమందిని."

"నీకెందుకు శ్రమ అని, కూమే."

"శ్రమంట. నలభై ఏళ్ళు బస్సు తోలాన్రా నేను. బస్సు ఇంజను ముందు నీ ట్రాక్టరెంత? కుట్టు మిషను."

తోలడం వేరు, విప్పడం వేరు. నలభై ఏళ్ళు అన్నం తిన్నవాడల్లా వ్యవసాయం చేయగలడా? ఈ మాట వితోమిర్ నాలిక చివరిదాకా వచ్చింది. దాన్ని కాఫీ పక్కనే పోసుకున్న రకియా సారాతో పాటు గుటక వేసి మింగేశాడు. స్రెతెన్ చెడ్డవాడు కాదు. అదే వచ్చిన చిక్కు. వితోమిర్ ఆసుపత్రిలో పడున్న పంతొమ్మిది రోజులూ రోజు విడిచి రోజు బస్సెక్కి వచ్చి మంచం పక్కన కూర్చున్నవాడు. రొసాందకి కట్టెలు కొట్టిపెట్టినవాడు. చెడ్డవాడికైతే తలుపేయొచ్చు, మంచివాడికి ఎలా వేస్తాం?

పని మొదలైంది. వితోమిర్ కుర్చీ షెడ్డు గుమ్మంలో వేశారు. మొదటి గంట అతనికి ప్రాణం లేచొచ్చింది కూడా. స్రెతెన్ ముందు జాలీ విప్పాడు, రేడియేటరు తప్పించాడు, బెల్టు తీశాడు, పాత పుల్లీకి మూడు కాళ్ళ పుల్లర్ తగిలించి మరలు తిప్పుతూ నెమ్మదిగా ఊడదీశాడు. ఎక్కడా తొందరపడలేదు. 'అనవసరంగా అనుమానించాను, పాపం' అనుకున్నాడు వితోమిర్. క్రాంకు కొస తళతళా మెరుస్తూ బయటికొచ్చింది. స్రెతెన్ దాన్ని గుడ్డతో తుడిచి, కొత్త పుల్లీ అందుకుని, దాని మీద పెట్టి తోశాడు. ఎక్కలేదు.

"బిగువుగా కోశాడు, వెధవ" అన్నాడు స్రెతెన్.

"కూమే, దాన్ని కాస్త పొయ్యిలో పెట్టి చూస్తే ఎలా ఉంటుందంటావు? నాకేం తెలుసనుకో, ఊరికే అడుగుతున్నా."

"పొయ్యిలో ఏముంది?"

రొసాంద వంటింటి కిటికీలోంచి తల పెట్టింది. "గిబానిత్స పెట్టాను, మీ కోసమే. జున్ను, కాయ్‌మాక్ మీగడ వేసి. ఇంకో గంట పడుతుంది."

స్రెతెన్ పగలబడి నవ్వాడు. "విన్నావా కూమా, నా గిబానిత్స తీసేసి ఇనుము కాలుస్తాడట మీ ఆయన. మధ్యాహ్నం నాకు పుల్లీ వడ్డించేట్టున్నాడు."

రొసాంద మొగుడి మొహంలోకి చూసింది. ఇస్మెత్ వచ్చే రోజున పొయ్యి ఖాళీగా ఉంచమని అతను చెప్పడం ఆమెకి గుర్తే. ఎందుకో మాత్రం తెలీదు. "తియ్యమంటావా?" అంది.

గిబానిత్స అంటే పొరల రొట్టె, సగం ఉడికాక తీసి పక్కన పెడితే పిండి ముద్ద అవుతుంది. కూమ్‌కి పచ్చి పిండి పెట్టారు అనే మాట ఆదివారానికల్లా చర్చి దాటి మూడు ఊళ్ళు తిరుగుతుంది. వితోమిర్ ఆ కిటికీ వంకా, కూమ్ వంకా చూశాడు. అడకత్తెరలో పోకచెక్క అంటే ఇదేనేమో.

"వద్దులే" అన్నాడు.

స్రెతెన్ పుల్లీకి అడ్డంగా ఒక గట్టి బీచ్ చెట్టు కర్ర దిమ్మె పెట్టాడు. "చూశావా? ఉక్కు మీద ఉక్కు కొట్టకూడదు. కర్ర అడ్డుంటే నొప్పి తెలీదు" అంటూ సమ్మెట అందుకున్నాడు.

వితోమిర్ చివరి ప్రయత్నం చేశాడు. కూమ్‌కి తప్పు చెప్పకూడదు గానీ, పరాయివాడి కథ చెప్పకూడదని ఎవరూ అనలేదు కదా. "ప్రీబోయ్ దగ్గర ఎవడో ఇలాగే సమ్మెటతో కొట్టాడట కూమే. లోపల ఏవో వాషర్లు పగిలి ఇంజను మొత్తం పోయిందట పాపం."

"ఎవడు వాడు?"

"తెలీదు. విన్నాను."

"గుడ్డివాడై ఉంటాడు" అన్నాడు స్రెతెన్. "వంకరగా కొడితే పగలవా మరి? తిన్నగా కొట్టాలి."

తిన్నగానే కొట్టాడు. మొదటి దెబ్బకి ట్రాక్టరు ముందు చక్రాలు కదిలాయి. వితోమిర్‌కి ఆ దెబ్బ తన నడుంలో మేకుల దగ్గర తగిలింది. రెండో దెబ్బ, మూడో దెబ్బ. పుల్లీ గోరంత జరిగింది. నాలుగో దెబ్బకి వితోమిర్ నోరు తెరిచాడు. 'ఆపరా' అన్న మూడక్షరాలూ అక్కడే ఉన్నాయి. వచ్చిన మాట ఇంకోటి.

"కూమే, అలిసిపోయినట్టున్నావు. ఒక గుక్క వేసుకుని కొట్టు."

స్రెతెన్ ఆగి, చెమట తుడుచుకుని, రకియా వేసుకున్నాడు. వితోమిర్ ఆ సందులో ఏదైనా ఉపాయం తడుతుందేమోనని వెతుక్కున్నాడు. నడుం నొప్పి అని అరిస్తే? అంబులెన్సు పిలుస్తాడు, అది వచ్చేలోగా పుల్లీ కొట్టేస్తాడు, ఖాళీగా ఉండటం ఎందుకని. వాన వస్తుందంటే? షెడ్డులో ఉన్నారు. ఈలోగా స్రెతెన్ రెండో గుక్క కూడా వేసుకుని చొక్కా చేతులు మడిచాడు. రకియా అతని చేతికి మంచి సత్తువ ఇచ్చింది. అయిదో దెబ్బనుంచి షెడ్డు రేకులు కూడా మోగాయి. మొహమాటానికి పోతే కడుపొచ్చిందట వెనకటికి ఒకావిడకి. వితోమిర్‌కి కడుపు రాదు కాబట్టి ఇంజను పోతుంది, అంతే తేడా.

పదకొండు దెబ్బలు పడ్డాయి. పదకొండోదానికి పుల్లీ తన చోట్లో కూర్చుంది.

స్రెతెన్ నడిమి బోల్టు బిగించాడు, పంపుని దాని పీట మీద పెట్టాడు, ఇరుసు తగిలించాడు, గొట్టాలు కలిపి నూనె పోశాడు. ఆ పనులన్నీ శ్రద్ధగానే చేశాడు. అన్నీ అయ్యాక రొసాందని పిలిచాడు. "రా కూమా, నువ్వే ఎక్కు. రేపటినుంచి తోలేది నువ్వేగా."

రొసాంద ఏప్రన్ విప్పి ట్రాక్టరెక్కింది. స్టార్టు చేసింది. ఇంజను అందుకుంది, పంపు సన్నగా ఈల వేసింది. ఆమె భయం భయంగా మీట లాగింది. లోడరు చేతులు కోడిపుంజు రెక్కల్లా లేచి షెడ్డు దూలం దాకా వెళ్ళాయి. ఆమె మీట వదిలి, మళ్ళీ లాగి, మళ్ళీ వదిలింది. నవ్వింది. ఆగస్టునుంచి రొసాంద నవ్వడం వితోమిర్ చూడలేదు.

ముందుకి తోలడానికి ఆమె క్లచ్ తొక్కింది.

వితోమిర్ కళ్ళు పుల్లీ మీదే ఉన్నాయి. క్లచ్ తొక్కితే ఆ ఒత్తిడి క్రాంకుని ముందుకి తోస్తుంది, తోసినా కదలనివ్వకుండా ఆపేవి ఆ వాషర్లే. పుల్లీ ముందుకి జరిగింది. వేలి మందాన జరిగి, పంపు ఇరుసుని గుద్దుకుని ఆగింది. ఆమె క్లచ్ వదిలింది, పుల్లీ వెనక్కి పోయింది. అంతే. వాషర్లు పగిలాయని చెప్పడానికి మెకానిక్కు అక్కర్లేదు, డాక్టరు అక్కర్లేదు.

ఆ క్షణాన ఇంజను ఆపేస్తే బాగయ్యేదే. ఆపాలంటే ఎందుకో చెప్పాలి. ఎందుకో చెప్పడమంటే, కూమే, నువ్వు పగలగొట్టావు అని చెప్పడం. స్రెతెన్ అప్పటికే గుమ్మంలో నిలబడి, టోపీ వెనక్కి నెట్టుకుని, కళ్ళనీళ్ళు పెట్టుకుని ఉన్నాడు. "చూడు కూమే, చూడు. ఆవులు నీ దగ్గరే ఉంటాయి. ఎక్కడికీ పోవు" అంటున్నాడు. వితోమిర్, 'కూమ్ ఇంటికి వెళ్ళిపోయాక చెబుతాను, మహా అయితే గంట' అనుకున్నాడు.

కూమ్ ఇంటికి వెళ్ళలేదు. "వచ్చినవాణ్ణి ఎలాగూ వచ్చాను, చుట్టలన్నీ చేర్చేసి పోదాం పద" అన్నాడు. అతను ముందు నడుస్తూ దారి చూపించాడు, రొసాంద వెనక ట్రాక్టరు తోలింది. బయల్లోంచి కొట్టానికి, కొట్టంనుంచి బయలుకి. చుట్ట గుచ్చడానికి ఒకసారి క్లచ్, ఎత్తి వెనక్కి రావడానికి ఒకసారి, గేటు దగ్గర ఒకసారి, దించేటప్పుడు రెండుసార్లు. వితోమిర్ కుర్చీలో కూర్చుని వింటున్నాడు. మొదట ఏమీ వినపడలేదు. పదో చుట్ట తరవాత ఆమె క్లచ్ తొక్కినప్పుడల్లా సన్నగా గరగర, బియ్యంలో రాయి నమిలినట్టు. 'ఈ చుట్ట దించాక చెబుతాను' అనుకున్నాడు. దించింది. 'ఇంకొకటి తెచ్చాక' అనుకున్నాడు. కంచె అవతల ఇద్దరు పొరుగువాళ్ళు చేరి మెచ్చుకుంటున్నారు. స్రెతెన్ వాళ్ళకి సమ్మెట ఎలా పట్టుకోవాలో చేత్తో చూపిస్తున్నాడు. ఆ ఇద్దరి ముందూ ఇక అసలే చెప్పలేకపోయాడు.

ఇరవై రెండో చుట్ట దగ్గర వితోమిర్, "భోజనాల వేళయింది కూమే" అని పిలిచాడు. ఇంజను ఆగింది. అతనికి ఊపిరి ఆడింది.

బల్ల మీద, పొయ్యి అరలోనే వెచ్చగా ఉంచిన గిబానిత్స పొగలు కక్కుతోంది. పైన ఎర్రగా వేగింది, లోపల మెత్తగా ఉంది, వంక పెట్టడానికి లేదు. స్రెతెన్ మూడు ముక్కలు తిన్నాడు. వితోమిర్ గొంతు సవరించుకున్నాడు. "కూమే, ఒక మాట" అన్నాడు.

"నేను చెబుతా ముందు" అంటూ స్రెతెన్ గ్లాసు పట్టుకుని లేచి నిలబడ్డాడు. "మా తాత మీ తాతని యుద్ధంలో మంచులోంచి మోసుకొచ్చాడు. నేనేం చేశాను మీకు? ఏమీ చెయ్యలేదు. పెళ్ళిలో నిలబడ్డాను, తిన్నాను, తాగాను. నువ్వు అటక మీదనుంచి పడ్డప్పుడు అనుకున్నా, దేవుడా, నా చేత్తో వీడికి ఒక్క మేలు చేయించు అని. ఇవాళ చేయించాడు." కూర్చుని, మొహం తుడుచుకుని, "నువ్వేదో అంటున్నావు కూమే" అన్నాడు.

వితోమిర్ అతని వంక చూశాడు. ఆ మొహం చూసి ఆ మాట ఎవడనగలడో నాకు చూపించండి. "ఏం లేదు. ఇంకో ముక్క వేసుకో" అన్నాడు.

భోజనం తరవాత పన్నెండు చుట్టలు వచ్చాయి. ముప్ఫై అయిదోది కొట్టం ముందు గాల్లో ఉండగా ఇంజను ఒక్క మూలుగు మూలిగి ఆగిపోయింది. రొసాంద తాళం తిప్పింది. కదల్లేదు. కింద పుల్లీ గుద్దీగుద్దీ పంపు పీట దగ్గర పగిలిన చోటునుంచి నూనె కారుతుంటే, పైనున్న చుట్ట మెల్లగా, ఎవరూ మీట ముట్టకుండానే, కిందికి దిగింది. అందరూ దాన్ని చూస్తూ నిలబడ్డారు.

ఇస్మెత్ శనివారం వచ్చాడు. చలిలో షెడ్డు నేల మీద పడుకుని ఇంజను అడుగు చాంబరు విప్పి, నల్లటి నూనెలో చెయ్యి పెట్టి, వేళ్ళ మధ్య ఏవో ముక్కలు తీసుకుని లేచాడు. అరచేతిలో పెట్టి చూపించాడు, విరిగిన చంద్రవంకలు.

"ఎవరు కొట్టారు దీన్ని?" అన్నాడు.

"ఎవరూ కొట్టలేదు. పాత ఇంజను" అన్నాడు వితోమిర్.

ఇస్మెత్ పుల్లీ అంచు మీద నలిగిన చోట బొటనవేలితో రాశాడు. ఆ సోమవారం తనకి ఫోన్ చేసిందెవరో అతనికి తెలుసు. మా కొండల్లో పుట్టినవాడే, మతం వేరైనా వాళ్ళలోనూ కూమ్‌లు ఉంటారు, రెట్టించలేదు. "పుల్లీ ఎక్కించిన వెంటనే ఆపి ఉంటే నాలుగు వాషర్లు, అరపూట పని" అన్నాడు. "అలాగే తోలారు. క్రాంకు, బ్లాకు ఒకదాన్నొకటి తినేశాయి. ఇప్పుడు వేరే ఇంజను వెయ్యాలి. అది వెతికి తెచ్చేసరికి ఎండాకాలం వస్తుంది."

రొసాంద కాఫీ పళ్ళెం పట్టుకుని అతని వెనకే నిలబడి ఉంది. పళ్ళెం పీపా మీద పెట్టి లోపలికి వెళ్ళిపోయింది. ఆ రోజూ, మర్నాడూ, ఆ మర్నాడూ ఆవుల సంగతి తప్ప ఇంకేం మాట్లాడలేదు. బేరగాడికి కబురు ఆమే పెట్టింది.

మిత్రోవ్‌దాన్ నాడు లారీ వచ్చింది. స్రెతెన్ పిలవకుండానే వచ్చాడు, అలాంటి రోజున కూమ్ రాకపోతే ఎలా? ఆవులు లారీ పలక ఎక్కకుండా మొరాయించాయి. బేరగాడి మనుషులు కర్రలు తీస్తే స్రెతెన్ వాళ్ళని తిట్టి పక్కకి నెట్టాడు. అరచేతిలో ఉప్పు పోసుకుని, ఒక్కొక్కదాన్నీ పేరు పెట్టి పిలుచుకుంటూ, నాకిస్తూ ఎక్కించాడు. బెలూషాని, జెక్నాని, చూడి మీదున్న రూమెంకాని. ఆఖరిది ఎక్కేసరికి అతని మీసాలు తడిసిపోయాయి. వితోమిర్ గుమ్మంలో నిలబడ్డాడు. కనీసం పలుపు పట్టుకుందామని చెయ్యి చాపితే, "నువ్వుండు కూమే, నీ నడుం" అని స్రెతెన్ లాక్కున్నాడు.

లారీ మలుపు తిరిగాక స్రెతెన్ చేతికంటిన ఉప్పు దులుపుకున్నాడు.

"ఆ ఇంజను అప్పటికే పోయేలా ఉంది కూమే" అన్నాడు. "పుల్లీ పెట్టేటప్పుడే నాకనిపించింది. చెబితే బాధపడతావని ఊరుకున్నా."

"అవును కూమే. పాతది" అన్నాడు వితోమిర్. "నువ్వు చెయ్యాల్సిందంతా చేశావు. నీ మేలు మరిచిపోం."

రొసాంద లోపలినుంచి రకియా తెచ్చి స్రెతెన్‌కి పోసింది. "మీకు దేవుడు ఆరోగ్యమివ్వాలి" అంది, అనాల్సిన మాటే. అతను తాగి, ఇద్దర్నీ మూడేసిసార్లు ముద్దుపెట్టుకుని, తల వంచుకుని వెళ్ళిపోయాడు. గేటు గడియ పడిన చప్పుడు విన్నాక ఆమె మొగుడి వైపు తిరిగింది.

"ఎప్పుడు తెలిసింది నీకు?"

అబద్ధం చెప్పడానికి అతనికి మనసొప్పలేదు. "నువ్వు మొదటిసారి క్లచ్ తొక్కినప్పుడు."

"మొదటిసారి" అంది ఆమె. "ఆ రోజంతా తొక్కాను నేను. నువ్వు కుర్చీలో కూర్చుని చూశావు."

"ఆయన మొహం మీద ఎలా అనను రొసాంద? మూడు తరాల కూమ్. నువ్వైతే అనగలవా?"

"ఆయనతో అనమని నేనెందుకంటాను? అంటే నేనే నీ నోరు మూసేదాన్ని." ఆమె గొంతు పెద్దది కాలేదు. "ట్రాక్టరు మీదున్నది నేను. లోపలికి ఒకసారి రా, మందు బిళ్ళ కావాలి అని పిలిస్తే చాలు కదా. చెవిలో ఒక్క ముక్క చెబితే, కడుపులో నొప్పని దిగిపోయి పడుకునేదాన్ని. ఆయన టోపీ పెట్టుకుని ఇంటికి పోయేవాడు. ఎవరి పరువూ పోయేది కాదు."

ఇంత సులువైన దారి వితోమిర్‌కి ఆ రోజంతా ఒక్కసారి కూడా తట్టలేదు.

"నీ కూమ్ ఆయన. నేను కాదు" అంది రొసాంద. "నాతో చెప్పొచ్చు."

ఆమె కొట్టంలోకి వెళ్ళింది. పొద్దుటి పేడ ఇంకా అలాగే ఉంది, ఎవరో ఒకరు ఎత్తాలి. పార గోడ పక్కన కింద పడి ఉంది. అది తీసి ఇవ్వడానికి కూడా వితోమిర్ వంగలేడు.